మీ దేవుడి గురించి చెప్పండి అంటే ఏం చెప్తాం?

 

ఈ వారం వీడియోలో భగవద్గీత 18వ అధ్యాయం చివరి శ్లోకాలు చెప్పుకున్నాం కదా. అందులో ఒక సంగతి పన్నెండు నిమిషాల్లో ఇమడలేదు. కెమెరా ముందు చెప్పడానికి కాస్త సిగ్గనిపించింది కూడా. అందుకని ఇక్కడ రాస్తున్నాను. టీ పక్కన పెట్టుకుని చదవండి, కొంచెం పొడుగే.

నేను అప్పుడు టోక్యోలో ఆన్‌సైట్‌లో ఉన్నాను. ఎనిమిది నెలల ప్రాజెక్టు. ఉండేది నిషికసాయ్‌లో. మన ఐటీ వాళ్ళకి ఆ పేరు కొత్త కాదు, 2000 ప్రాంతంలో వైటూకే పనుల కోసం వచ్చిన దగ్గర్నించి మనవాళ్ళు అక్కడే స్థిరపడుతూ వచ్చారు. స్టేషన్ దిగి కాస్త నడిస్తే కందిపప్పు దొరుకుతుంది, అదృష్టం బావుంటే గోంగూర పచ్చడి సీసా కూడా. నేను వెళ్ళిన మూడో నెలలో ఒంగోల్లో మా తాతయ్య పోయారు. రిలీజ్ దగ్గర పడింది, టికెట్లు దొరకలేదు, దొరికినా నువ్వొచ్చేసరికి అంతా అయిపోతుందిరా అని ఇంట్లోవాళ్ళే వద్దన్నారు. మా నాన్న కర్మ చేస్తుంటే వాట్సాప్ వీడియోలో చూశాను. మధ్యలో రెండుసార్లు నెట్ ఆగిపోయింది. ఈ ముక్క ఎందుకు చెప్పానో ముందుకెళ్తే తెలుస్తుంది.

ఒక శుక్రవారం సాయంత్రం స్టేషన్ బయట ఇద్దరు తెల్ల కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. తెల్ల చొక్కాలు, టైలు, పక్కన స్టాండు వేసిన సైకిళ్ళు, హ్యాండిల్‌కి తగిలించిన హెల్మెట్లు. చొక్కా మీద నల్ల బ్యాడ్జి. దాని మీద జపనీస్‌లో ఇంటిపేరు, పక్కన 'చోరో' అని. అంటే పెద్దాయన అట. ఇరవై కూడా నిండని కుర్రాడికి పెద్దాయన అని బిరుదు! చేతిలో ఉచిత ఇంగ్లీషు క్లాసుల కాగితాలు. ఆఫీసుల నించి వచ్చే జనం వాళ్ళని స్తంభాల్ని తప్పుకున్నట్టు తప్పుకుని పోతున్నారు. ఎవరైనా తల అడ్డంగా ఊపితే వీళ్ళు వంగి నమస్కారం పెట్టి ఇంకొకళ్ళ వైపు తిరుగుతున్నారు. నేను షాపు ముందు నిలబడి ఓ ఐదు నిమిషాలు చూశాను. ఒక్కరు కూడా ఆగలేదు.

నిజం చెప్పాలంటే జాలి పడలేదు. నాకు సరదా పుట్టింది. మన వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే ఫార్వర్డులు చదివి చదివి నా దగ్గర ఆర్గ్యుమెంట్లు లోడ్ అయి ఉన్నాయి. ఇవాళ వీళ్ళు దొరికారు అనుకుని నేనే ఎదురెళ్ళాను.

పొడుగబ్బాయి ముఖం వెలిగిపోయింది. పాపం, ఆ పూట వాళ్ళ దగ్గరికి తనంతట తాను వచ్చిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. అమెరికా నించి వచ్చారు. లాటర్ డే సెయింట్స్ అనే చర్చి, బయట జనం మార్మన్లు అంటారు. వాళ్ళలో మగపిల్లలు చదువుకీ ఉద్యోగానికీ మధ్యలో రెండేళ్ళు, ఆడపిల్లలు ఏడాదిన్నర ఇలా వెళ్తారు. జీతం ఉండదు. ఖర్చు వాళ్ళదో, ఇంటివాళ్ళదో. ఏ దేశమో కోరుకునే వీల్లేదు, చర్చి పంపిన చోటికి పోవాలి. ఎప్పుడూ ఇద్దరిద్దరే తిరగాలి. 2019 దాకా ఇంటికి ఫోన్ ఏడాదికి రెండుసార్లు మాత్రమేనట, ఇప్పుడు వారానికోసారి. నేను ఆ లెక్క విని, పూటకోసారి అమ్మకి ఫోన్ చేసి 'ఏం కూర?' అని అడిగే నన్ను గుర్తు చేసుకున్నాను.

మొదట ఆ కాగితాల మీద పడ్డాను. "ఇంగ్లీషు నేర్పుతామని పిలిచి మతం అంటగడతారు కదా, ఎర కాదా ఇది?" అన్నాను. పొడుగబ్బాయి కోపం తెచ్చుకోలేదు. క్లాసుకి వచ్చే వాళ్ళలో చాలామంది ప్రార్థనకి అసలు రారు, అయినా నేర్పుతాం అన్నాడు. నాకు సగమే నమ్మకం కుదిరింది. ఇప్పటికీ సగమే.

తర్వాత రెండో అబ్బాయి అడిగాడు, "మీరు హిందువా? మీ దేవుడి గురించి చెప్తారా?" అని. అదీ ప్రశ్న. నేను మొదలుపెట్టాను. మాది మతం కాదు జీవన విధానం అన్నాను. కర్మ సిద్ధాంతం చెప్పాను. ముప్పై మూడు కోట్లలో కోటి అంటే రకం అని వివరించాను. అన్ని నదులూ సముద్రంలోకే అన్నాను. అణువులూ క్వాంటమ్ కూడా కొంచెం తగిలించాను, సిగ్గులేకుండా. పది నిమిషాలు ఏకబిగిన. ఆ పిల్లలు తల ఊపుతూ మర్యాదగా విన్నారు.

అంతా అయ్యాక రెండో అబ్బాయి అన్నాడు: "ఇదంతా హిందూ మతం గురించి చెప్పారు. చాలా బావుంది. నేను అడిగింది మీ గురించి. మీరు ఆయనతో ఎలా మాట్లాడతారు? ఇవాళ ఏం మాట్లాడారు?"

ఫ్రెండ్స్, నేను ఈ చానెల్‌కి స్క్రిప్టులు రాయడం మొదలుపెట్టి అప్పటికే ఏడాది దాటింది. శ్లోకం నంబరు చెప్తే టీకాతో సహా అప్పజెప్పగలను. ఇవాళ ఏం మాట్లాడావు అంటే నా దగ్గర ఏమీ లేదు. ఆ రోజే కాదు, ఆ నెలలో కూడా ఏమీ లేదు. ప్రొడక్షన్ సర్వర్ డౌన్ అయినప్పుడు మాత్రం 'కృష్ణా' అన్నాను, దాన్ని లెక్కలో వేసుకోవచ్చో లేదో తెలీదు.

ఆ ఉక్రోషంలో నేను దెబ్బకి దెబ్బ తీద్దామని అడిగాను. "మా తాతయ్య నెలన్నర క్రితం పోయారు. డెబ్బై తొమ్మిదేళ్ళు పొద్దున్నే సంధ్య వార్చిన మనిషి. మీ ఏసు పేరు మీద ఆయన ఒక్కసారి కూడా దణ్ణం పెట్టలేదు. ఇప్పుడాయన ఎక్కడున్నట్టు మీ లెక్కలో?" వాదన కోసమే మొదలుపెట్టాను. చివరికొచ్చేసరికి గొంతు మారిపోయింది. అది వాళ్ళకీ తెలిసిపోయింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రెండో అబ్బాయి మెల్లగా చెప్పాడు. పోయినవాళ్ళు పోయిన చోట కూడా మాట వింటారని వాళ్ళ నమ్మకం అట. బతికుండగా అవకాశం రాని వాళ్ళ కోసం వాళ్ళ వారసులు గుళ్ళో ఆ పోయినవాళ్ళ పేరు మీద బాప్తిస్మం తీసుకుంటారట. ఆ ఆత్మ దాన్ని ఒప్పుకోవచ్చు, వద్దనీ అనచ్చు. "మా తాతయ్యకి అడక్కుండా మీరు చేసేస్తారా?" అన్నాను గట్టిగానే. లేదు, ఎవరి పూర్వీకులకి వాళ్ళే చెయ్యాలని నియమం అన్నాడు. వాడు తన ముత్తాతల పేర్లు వెతికి వెతికి రాసుకున్నానని చెప్తుంటే, నాకు మా నాన్న దర్భ ముంగరం వేలికి పెట్టుకుని మూడు తరాల పేర్లు చెప్తూ నువ్వులూ నీళ్ళూ వదలడం కళ్ళ ముందు ఆడింది. ఆ పేర్లు నాకు ఇప్పటికీ పూర్తిగా రావు.

సిద్ధాంతం నాకు నచ్చలేదు. అది వాళ్ళకే చెప్పాను. పోయిన మనిషిని కూడా మీ దారిలోకి పిలవడం ఎందుకు, ఆయన దారి ఆయనకి ఉంది అన్నాను. మీ చర్చికి కూడా రాను అన్నాను. "సరే" అన్నాడు. "మీ తాతయ్య పేరేంటి?" అని అడిగి, ఆ రాత్రి మీ కుటుంబం కోసం ప్రార్థిస్తాను, అభ్యంతరమా అన్నాడు. నేను అభ్యంతరం చెప్పలేకపోయాను.

ఆ రాత్రి నిద్ర పట్టక వెతకడం మొదలుపెట్టాను. జపాన్‌లో నా ప్రశ్న ఇంకెవరైనా అడిగారా అని. అడిగారు. దాదాపు 470 ఏళ్ళ క్రితమే అడిగారు.

ఫ్రాన్సిస్ జేవియర్ పేరు మీరు వినే ఉంటారు, గోవా వెళ్ళినవాళ్ళు ఆయన శరీరం ఉన్న బామ్ జీసస్ చర్చి కూడా చూసే ఉంటారు. ఆయన 1549 ఆగస్టు 15న జపాన్‌లో కగోషిమా రేవులో దిగాడు. వెంట ఇద్దరు సహచరులు, దుబాసీగా అంజిరో అనే జపనీయుడు. ఈ అంజిరో కథే ఒక సినిమా. సొంత ఊళ్ళో ఒక మనిషిని చంపి పారిపోయి, మలక్కాలో జేవియర్ని కలిసి, గోవాలో 1548లో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ఇప్పుడు సమస్య ఏంటంటే, దేవుడు అనే మాటని జపనీస్‌లో ఏమని చెప్పాలి? అంజిరోకి తెలిసిన మాట 'దైనిచి'. అదే వాడేశారు. వీధుల్లో నిలబడి దైనిచిని పూజించండి అని చెప్పారు. షింగోన్ సంప్రదాయ బౌద్ధ భిక్షువులు ఎంతో సంతోషించారు. ఎందుకు సంతోషించరు? దైనిచి అంటే మహావైరోచనుడు, వాళ్ళు కొలిచే బుద్ధుడే! భారతదేశం నించి కొత్త గురువులొచ్చి మన స్వామి గురించే చెప్తున్నారు అనుకున్నారు. అసలు సంగతి తెలిశాక జేవియర్ కంగారుపడి ఆ మాట మానేసి, లాటిన్ 'దేవుస్' అనే మాటనే పట్టుకున్నాడు. మన దేవః అనే మాటకి అది దాయాదే, చూడండి తమాషా.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. మహావైరోచనుడు అనే పేరు జపాన్ దాకా వెళ్ళింది మన దగ్గర్నించే. నారాలోని తోదాయిజీ మహాబుద్ధుడి విగ్రహానికి 752లో కళ్ళు దిద్దిన గురువు బోధిసేనుడు అనే భారతీయ భిక్షువు. 736లో సముద్రం దాటి వెళ్ళాడాయన. నేను గోల్డెన్ వీక్ సెలవుల్లో వెళ్ళి ఆ విగ్రహం కింద నిలబడ్డాను. మనవాళ్ళు ఎవరి దగ్గరికీ వెళ్ళి చెప్పలేదు అని గొప్పగా అంటుంటాం. ఆ కాంస్య విగ్రహం ముందు ఆ మాట అనడం కష్టం. వెళ్ళారు, భాష నేర్చుకున్నారు, చెప్పారు, అక్కడే పోయారు.

సరే, జేవియర్ దగ్గరికి వద్దాం. వినడానికి వచ్చిన జపనీయులు ఆయన్ని అడిగిన ప్రశ్న: మరి మా పెద్దల మాటేంటి? ఈ మాట వినకుండానే పోయిన మా అమ్మానాన్నలు, బిడ్డలు ఎక్కడున్నట్టు? ఆయన తన సిద్ధాంతం ప్రకారం వాళ్ళు నరకంలోనే అన్నాడు. దానాలో ప్రార్థనలో చేసి వాళ్ళని బయటికి తేలేమా అన్నారు. తేలేమన్నాడు. వాళ్ళు ఏడ్చారు. ఆయన 1552లో యూరప్‌కి రాసిన ఉత్తరంలో ఈ సంగతి ఉంది. వాళ్ళ ఏడుపు చూసి తనకీ దుఃఖం వచ్చిందని కూడా రాసుకున్నాడు. ఆ ఉత్తరం అనువాదం ఫోన్‌లో చదువుతూ నేను మంచం మీద లేచి కూర్చున్నాను. నా ప్రశ్నే. అక్షరం మారలేదు. సమాధానం మాత్రం, క్రైస్తవంలోనే ఇంకో శాఖ కుర్రాడి నోట, ఎంత మారిందో!

ఇప్పుడు మీలో కొంతమందికి ఒళ్ళు మండుతూ ఉంటుంది, తెలుసు. గోవా ఇన్‌క్విజిషన్ సంగతి దాటేస్తున్నావేంటి అని. దాటెయ్యను. అదే జేవియర్ 1546లో పోర్చుగల్ రాజుకి ఉత్తరం రాసి గోవాకి ఇన్‌క్విజిషన్ పంపమని అడిగాడు. ఆయన 1552లో పోయాక, 1560లో అది వచ్చింది. ఇంట్లో పాత పద్ధతులు పాటించిన కొత్త క్రైస్తవుల్ని, పూజలు చేసుకున్న హిందువుల్ని కూడా అది ఎలా వేధించిందో చరిత్రలో ఉంది. ఒకే మనిషి. గోవాలో వెనకాల రాజు ఉన్నాడు, ఫిరంగులున్నాయి. కగోషిమాలో ఏమీ లేవు. అందుకే అక్కడ ఆయన మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది, భిక్షువులతో కూర్చుని వాళ్ళ ప్రశ్నలకి జవాబు చెప్పాల్సి వచ్చింది, ఎదుటివాడి ఏడుపు చూడాల్సి వచ్చింది. నాకు ఆయన చరిత్రలో గౌరవించబుద్ధయ్యేది ఆ 27 నెలలే. చెప్పేవాడి చేతిలో కత్తో, కంచమో ఉంటే మాట పాడవుతుంది. వినేవాడు దేనికి తల ఊపుతున్నాడో చెప్పేవాడికీ తెలీదు.

కంచం అన్నాను కాబట్టి మా ఊరి సంగతి ఒకటి. ఒంగోల్లో పెరిగిన ఎవరికైనా క్లౌ దొర పేరు తెలుసు. జాన్ క్లౌ, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. 1876 నించి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో ఆయన బకింగ్‌హాం కాలవలో కొంత మేర తవ్వించే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అప్పుడు జనం బాప్తిస్మం ఇమ్మని వస్తే ఇవ్వనన్నాడు. కరువు సాయం నడుస్తున్నంత కాలం ఇవ్వనన్నాడు, గింజల కోసం వచ్చారన్న మాట వస్తుందని, వస్తారని కూడా. సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది తీసుకున్నారు.

ఈ సంఖ్య మీద మన వాళ్ళు ఎన్నో వాదనలు చేస్తారు. అయినా తిండి పెట్టిన చెయ్యి గుర్తుంటుంది కదా అంటారు. ఉంటుంది, నిజమే. కానీ ఆ నీళ్ళలో దిగినవాళ్ళలో ఎక్కువమంది మాదిగ కుటుంబాలవాళ్ళు. మా ముత్తాతల కాలంలో మా ఊరి గుడి గడప దాటనివ్వని మనుషులు. వాళ్ళకి మన దేవుడి గురించి ఎవరు చెప్పారు? ఏ భాషలో చెప్పారు? సముద్రం దాటి వచ్చినవాడు చెప్పిన మాట సంగతి తర్వాత, సందు చివర ఉన్నవాళ్ళు చెప్పని మాట సంగతి ముందు తేల్చుకోవాలని నాకనిపిస్తుంది. దీని మీద నన్ను తిట్టేవాళ్ళు తిట్టండి, నేను మాట మార్చను.

ముచ్చింతల్‌లో 216 అడుగుల రామానుజుల విగ్రహం దగ్గర ఫొటో దిగని హైదరాబాదీ తక్కువ. ఆయన కథ గుర్తు చేసుకోండి. తిరుక్కోష్టియూర్ నంబి దగ్గర మంత్రార్థం కోసం పద్దెనిమిది సార్లు కాలినడకన వెళ్ళారు. ఎవరికీ చెప్పకు, చెప్తే నరకానికి పోతావని మాట తీసుకుని గురువు చెప్పారు. రామానుజులు ఆ గుడి ఎత్తు మీదికెక్కి అందరినీ పిలిచి చెప్పేశారు. ఇంతమంది తరిస్తే నేనొక్కణ్ణి నరకానికి పోయినా ఫరవాలేదు అన్నారని సంప్రదాయం చెప్తుంది. మాట తప్పినందుకు కోపంగా వచ్చిన గురువే చివరికి ఆయన్ని కౌగిలించుకున్నారు. ఆ దయ మీద నిలబడ్డ సంప్రదాయం మనది. మా ఊళ్ళో దాన్ని ఎవరు ఎక్కడ మర్చిపోయారో నాకు తెలీదు.

ఇప్పుడు గీతకి వస్తాను. వీడియోలో తొందరగా దాటేసిన చోటు ఇదే.

18వ అధ్యాయం 63వ శ్లోకం. యుద్ధభూమిలో ఏడు వందల శ్లోకాల బోధ దాదాపు అయిపోయింది. చెప్పినవాడు ఎవరు? విశ్వరూపం చూపించినవాడు. కావాలంటే అర్జునుడి మెడ వంచి ఒప్పించగలవాడు. వినేవాడు ఎలా ఉన్నాడు? భయంతో వణికి, చేతులు జోడించి ఉన్నాడు, ఏం చెప్పినా సరేనంటాడు. అలాంటి చోట స్వామి ఏమంటాడంటే, ఇంత రహస్యం నీకు చెప్పాను, మొత్తం బాగా ఆలోచించుకో, తర్వాత నీకెలా తోస్తే అలా చెయ్యి అంటాడు. నేను చెప్పాను కాబట్టి చెయ్యి అనలేదు. చెయ్యకపోతే చూడు అనీ ఇక్కడ అనలేదు. జేవియర్ గోవాలో వదిలిపెట్టలేనిది, దేవుడే యుద్ధభూమిలో వదిలిపెట్టేశాడు.

అక్కడితో ఆగితే మనకి సుఖంగా ఉండేది. 'ఎవడిష్టం వాడిది, మనకెందుకు' అనుకుని పడుకోవచ్చు. కానీ 64లో ఆయన మళ్ళీ మొదలుపెడతాడు. నువ్వంటే నాకు చాలా ఇష్టం, అందుకని ఇంకోసారి చెప్తున్నాను విను అంటాడు. నాకు ఈ రెండు శ్లోకాల మధ్య ఉన్న ఖాళీ అంటే ప్రాణం. పిల్లాడు హాస్టలుకి వెళ్తుంటే, సరేరా నీ ఇష్టం అని గేటు దాకా వచ్చిన అమ్మ, బస్సు కదిలాక కిటికీ దగ్గరికి పరిగెత్తి ఇంకో మాట చెప్తుందే, అలాంటిది. ఇష్టానికి వదిలెయ్యడం అంటే పట్టించుకోకపోవడం అని మనం అనుకుంటాం. స్వామి రెండూ కలిపే చేశాడు.

67లో ఎవరికి చెప్పకూడదో చెప్తాడు. తపస్సు లేనివాడికి, భక్తి లేనివాడికి, నన్ను తప్పుపట్టేవాడికి, శుశ్రూష లేనివాడికి చెప్పకు అని. శుశ్రూష అంటే ఇప్పుడు మనం రోగికి చేసే సేవ అనుకుంటాం. మాట పుట్టుక చూస్తే వినాలనే కోరిక అని అర్థం. వినాలని లేనివాడి చెవిలో పొయ్యకు అన్నమాట. మైకులు పెట్టి ఊరి నిద్ర చెడగొట్టే అన్ని మతాల వాళ్ళూ, మనతో సహా, ఒక్కసారి చదువుకోవాల్సిన శ్లోకం. రామానుజులు మీదికెక్కి పిలిస్తే వచ్చిన జనానికి వినాలని ఉంది, ఆయనకి ఆ ఒక్క అర్హత చాలిందేమో.

వెంటనే 68, 69లో ఏమంటాడు? దీన్ని నా భక్తులకి చెప్పేవాడికంటే నాకు ఇష్టమైన పని చేసేవాడు మనుషుల్లో లేడు, ఉండబోడు అంటాడు. అంటే చెప్పడం మన సంప్రదాయం కాదు అని మనం చెప్పుకునే గొప్ప, గీతలో లేదు. ఎవరికి అన్న షరతు ఉంది, ఎలా అన్న మర్యాద ఉంది. నోరు మూసుకో అన్న ఆజ్ఞ లేదు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. స్టేషన్ బయట ఒక కుర్రాడు నిజంగా వినాలనుకుని అడిగినప్పుడు నా దగ్గర చెప్పడానికి ఉన్నది వికీపీడియా.

మర్నాడు శనివారం నాయనమ్మకి ఫోన్ చేశాను. క్రైస్తవ పిల్లలు ఇలా అడిగారు అని చెప్పలేదు, ఆవిడ కంగారుపడుతుంది. ఊరికే అడిగాను, "నాయనమ్మా, నువ్వు దేవుడితో ఏం మాట్లాడతావు?" అని.

"ఏం మాట్లాడేదేందిరా?" అంది. "పొద్దున లేవగానే స్వామీ లేచాను అంటా. రాత్రి పడుకుంటున్నాను స్వామీ, తలుపు గడియ పెట్టాను అంటా. ఇదివరకు మీ తాతయ్యకి చెప్పేదాన్ని. ఇప్పుడు ఎవరికి చెప్పాలి?" కాసేపాగి, "మీ తాతయ్య కూడా ఆయన దగ్గరే ఉండుంటాడుగా, ఇద్దరికీ వినపడుతుందిలే" అంది.

నేను ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. జేవియర్ని అడిగిన ప్రశ్నకి, నేను అడిగిన ప్రశ్నకి, మా నాయనమ్మ తలుపు గడియ పెట్టుకుంటూ రోజూ జవాబు చెప్పుకుంటోంది. శాస్త్రప్రమాణం అడిగితే నేను చూపించలేను. ఆవిడకి అక్కర్లేదు.

వారం తర్వాత ఆ పిల్లలు మళ్ళీ కనిపించారు. అప్పుడే వాన వెలిసింది, చొక్కాలు తడిసి ఉన్నాయి. ఇండియన్ షాపులో సమోసాలు కొని తీసుకెళ్ళాను. తిన్నారు, రెండో అబ్బాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కారానికి. "మీరు పోయినసారి అడిగారుగా" అని మొదలుపెట్టి, మా నాయనమ్మ చెప్పింది చెప్పినట్టే చెప్పాను. కర్మ లేదు, క్వాంటమ్ లేదు. రెండు నిమిషాల్లో అయిపోయింది. రెండో అబ్బాయి తినడం ఆపి విన్నాడు. గడియ అంటే ఏంటో చేతులతో చూపించాల్సి వచ్చింది. "మా అమ్మమ్మ కూడా ఇలాగే ఉంటుంది" అన్నాడు. "మరి మీరు? మీరేం చెప్తారు?"

"మొన్నటి నించి లేచాను అని చెప్తున్నాను. ఇవాళ మర్చిపోయాను, స్టాండప్ మీటింగుకి ఆలస్యమైంది" అన్నాను. నవ్వాడు.

వెళ్ళబోతూ అడిగాను, ఇన్నాళ్ళలో ఎంతమంది మీ మాట విని చేరారు అని. పద్నాలుగు నెలల్లో ఒక్కరూ లేరట. మరి ఎందుకు నిలబడుతున్నావు అంటే, చెప్పడం నా పని, మిగతాది నాది కాదు అన్నాడు. రెండో అధ్యాయంలో ఆ మాట ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పాలనిపించింది. చెప్పాను కూడా. ఫోన్‌లో ఇంగ్లీషు అనువాదం తీసి చూపిస్తే రెండుసార్లు చదువుకుని, ఇది యుద్ధానికి ముందు చెప్పారా అని ఆశ్చర్యపోయాడు. వాడు హిందువు కాలేదు, నేను క్రైస్తవుణ్ణి కాలేదు, ఇద్దరికీ ఆ ఉద్దేశమూ లేదు.

వాళ్ళకి కొన్ని వారాలకోసారి ఊరు మారుస్తారు. తర్వాతి నెల అదే స్టేషన్ బయట కొత్త జత నిలబడి ఉంది, ఈసారి ఇద్దరు ఆడపిల్లలు, అవే కాగితాలు. జనం తప్పుకుని పోతున్నారు. నేను ఇంటికెళ్ళి అన్నం పెట్టుకోవాలి, కుక్కర్ కడగాలి, తొమ్మిదికి ఇండియా టీముతో కాల్ ఉంది. అందులో ఒకమ్మాయి నన్ను చూసి "మీకు రెండు నిమిషాలు టైముందా?" అంది.

ఉంది అన్నాను.

శ్రీకృష్ణార్పణమస్తు.